ఎండీసీ దగ్గర పనికి వెళ్తున్న వేణుకు

చిరంజీవి వేణుకు పెదనాన్న ఆశీస్సులు.

జీడిమెట్లలో మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, గిర్రున తిప్పి సరుకునూ ద్రవాన్నీ వేరుచేసే సెంట్రిఫ్యూజ్ దగ్గర నీకు పని దొరికిందని మీ నాన్న చెప్పాడు. అక్కడ నీవు రోజూ ముట్టుకోబోయే సాల్వెంట్, అంటే సరుకును కరిగించే ద్రవం, మిథిలీన్ డైక్లోరైడ్. మేమంతా ఎండీసీ అనేవాళ్లం. దాని విషయంలో నీ ముక్కును నమ్మవద్దు.

ఎనిమిది గంటల షిఫ్టులో గాలిలో పది లక్షల పాళ్లకు సగటున 25 పాళ్లు మించరాదని అమెరికాలో 1997లో నియమం పెట్టారు. ఆ తియ్యటి వాసన మనకు తెలిసేసరికే గాలిలో అంతకు ఎన్నో రెట్లు చేరి ఉంటుంది, కాసేపటికి ముక్కు అలవాటుపడి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. 40 డిగ్రీలకే మరిగే సరుకు అది. మే నెల మధ్యాహ్నం యార్డులో ఎండకు నిలబెట్టిన డ్రమ్ము మూత తిప్పితే బుస్సుమని ఆవిరి తన్నుకొస్తుంది; గాలికన్నా బరువైనది కనుక గుంటల్లోనూ, రసాయనాలు కలిపే పెద్ద పాత్ర రియాక్టర్ అడుగునా నిలిచిపోతుంది.

ఒంట్లోకి పోయిన ఎండీసీలో కొంత కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. షిఫ్టు ముగిశాక కూడా ఆ మార్పు సాగుతూనే ఉంటుంది. నేను పనిచేసిన ఒకచోట ఎగ్జాస్ట్ ఫ్యాను నెలల తరబడి చెడిపోయి ఉంటే, ఇంటికి చేరాక పట్టుకునే తలనొప్పిని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాణ్ని. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా ధీమా పడకు, మామూలు ఆక్సీమీటర్ ఈ వాయువును పసిగట్టలేదు. సిగరెట్టు కూడా రక్తంలోకి దాన్నే చేరుస్తుంది కనుక మానెయ్యి. మీ నాన్నకు నేను చెప్పనులే.

స్టోర్సులో ఇచ్చే నీలం నైట్రైల్ గ్లౌజులను ఎండీసీ నిమిషాల్లో దాటేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో మిగిలే తడి ముద్దను, అదే తడి కేకును ఎత్తేటప్పుడు గ్లౌజు మెత్తబడి, వేళ్లకు ముందు చల్లగా, తర్వాత మంటగా తగిలితే వెంటనే తీసేసి చేతులు కడుక్కో. పీవీఏ అనే ప్లాస్టిక్ పూత గ్లౌజులో, పొరలు అంటించిన లామినేట్ గ్లౌజులో అడిగి తీసుకో. పీవీఏ నీళ్లు తగిలితే పాడవుతుంది, జాగ్రత్త. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కు దీని ముందు ఎక్కువసేపు నిలవదు, బయటి నుంచి పైపుతో గాలి వచ్చే మాస్కు కావాలి.

రియాక్టర్‌లోకి దిగమంటే, లోపల ఆవిరి లేదని రాతపూర్వక పర్మిట్ చూపించమను. లేదంటే శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దాని తాడు పట్టుకుని బయట ఒక మనిషి ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే 36వ సెక్షన్‌లో చెప్పింది. లోపల తోటివాడు పడిపోయినా పరికరం లేకుండా నీవు దిగవద్దు. అలా దిగిన రెండోవాడూ పైకి రాడు.

తల తిరిగినా, గుండె దడగా ఉన్నా సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లి, ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పి ఊరుకోక, సాల్వెంట్ పేరు చెప్పి, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత చేరిందో చూసే కార్బాక్సీ హీమోగ్లోబిన్ పరీక్ష చేయమని అడుగు. డాక్టరుకు చూపించడానికి డ్రమ్ము మీది లేబుల్‌ను ఈరోజే ఫోటో తీసి ఉంచుకో.

ఇట్లు,
మీ పెదనాన్న