రన్‌ఆఫ్‌లో మళ్ళీ ఓటేయాలా? మెకిన్నీలో నా అనుభవం

మీ ప్రశ్న ఇది: "టెక్సాస్‌లో మా ఊరి మేయర్ ఎన్నిక మే నెలలో అయిపోయింది. ఒకాయనకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, అయినా గెలిచినట్టు కాదంట, జూన్‌లో రన్‌ఆఫ్ అంట. నేను ఒకసారి ఓటేశాను కదా, మళ్ళీ వెళ్ళాలా?"

తప్పకుండా వెళ్ళాలి. రన్‌ఆఫ్ అంటే రెండో విడత ఎన్నిక. మేలో మీరు వేసిన ఓటు అక్కడితోనే అయిపోయింది, రన్‌ఆఫ్‌కి లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి రెండు స్థానాల్లో ఉన్న ఇద్దరే మిగులుతారు. మొదటిసారి ఎవరికి ఎన్ని వచ్చాయన్నది ఇక పనికిరాదు.

మనకి ఇది వింతగా అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర సర్పంచ్ దగ్గర్నుంచి ఎంపీ వరకు ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్ళదే గెలుపు. 2002లో హైదరాబాద్ ఓటర్లు తీగల కృష్ణారెడ్డిని నేరుగా మేయర్‌గా ఎన్నుకున్నప్పుడూ అదే పద్ధతి. టెక్సాస్‌లో అయితే, కౌన్సిల్ పదవీకాలం రెండేళ్ళు దాటిన నగరాల్లో గెలిచే మనిషికి సగానికంటే ఎక్కువ ఓట్లు రావాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది. నేనుండే మెకిన్నీలో పదవీకాలం నాలుగేళ్ళు. అందుకే ముగ్గురో నలుగురో నిలబడి ఓట్లు చీలిపోతే రన్‌ఆఫ్ తప్పదు.

ఈ నియమం లేకపోతే ఏమవుతుందో డాలస్‌ని చూస్తే తెలుస్తుంది. 2019లో అక్కడ మేయర్ పదవికి తొమ్మిది మంది పోటీపడ్డారు. మొదటి విడతలో ముందున్న ఎరిక్ జాన్సన్‌కి వచ్చింది సుమారు 20 శాతమే. మన పద్ధతిలో అయితే ఆయన ఆ రాత్రే మేయర్. ఓటేసిన ప్రతి ఐదుగురిలో నలుగురు వద్దన్న మనిషి మేయర్ అయ్యేవాడన్నమాట. జూన్‌లో స్కాట్ గ్రిగ్స్‌తో ముఖాముఖి పోటీలో సగానికి పైగా ఓట్లు తెచ్చుకున్నాకే జాన్సన్ మేయర్ అయ్యారు.

మొదట ముందున్నవాళ్ళే చివరికీ గెలుస్తారనుకోకండి. శాన్ ఆంటోనియోలో వరసగా రెండుసార్లు తారుమారైంది. 2015 మేలో లెటీషియా వాన్ డి పుటే ముందున్నారు, జూన్‌లో ఐవీ టేలర్ గెలిచారు. రెండేళ్ళకి అదే ఐవీ టేలర్ మే నెలలో ముందుండి, జూన్‌లో రాన్ నిరెన్‌బర్గ్ చేతిలో ఓడిపోయారు. "ఎలాగూ ఫలానా ఆయనే గెలుస్తాడు" అని ఇంట్లో కూర్చోబోయేవాళ్ళకి నేను ఈ రెండు ఎన్నికల గురించే చెబుతాను.

ఇప్పుడు మా ఊరి సంగతి. మెకిన్నీ డాలస్‌కి ఉత్తరాన ఉంది. 2020 జనాభా లెక్కల్లో 1,95,308 మంది, దాదాపు మన ఒంగోలంత ఊరు. 2025లో అప్పటి మేయర్ జార్జ్ ఫుల్లర్‌కి పదవీకాల పరిమితి అయిపోయింది, మళ్ళీ పోటీ చేయడానికి లేదు. మే 3న ఎన్నిక జరిగితే ఎవరికీ సగం దాటలేదు. బిల్ కాక్స్, స్కాట్ శాన్‌ఫోర్డ్ ఇద్దరూ జూన్ 7 రన్‌ఆఫ్‌కి వెళ్ళారు. నేను ఓటేసిన మనిషి ఆ ఇద్దరిలో లేరు.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నీరసం వచ్చింది. ఇక మనకేం పని అనిపించింది. కానీ అంతకుముందు పక్క ఊళ్లో ఉన్నప్పుడు కౌన్సిల్ రన్‌ఆఫ్ ఒకటి ఇలాగే వదిలేశాను. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ కౌన్సిల్ తీసుకున్న ప్రతి నిర్ణయం చదివినప్పుడల్లా మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఈసారి అలా కాకూడదనుకున్నాను.

అసలు ఇబ్బంది తేదీలతో వచ్చింది. మన తెలుగువాళ్ళకి ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు. మే చివరికి బడులు మూసేస్తారు, ఆ వారాంతానికే మనవాళ్ళు ఇండియా విమానం ఎక్కుతారు. రన్‌ఆఫ్ ముందస్తు ఓటింగ్, అంటే పోలింగ్ రోజుకి ముందే వెళ్ళి ఓటేసే సౌకర్యం, మొదలయ్యేది సరిగ్గా అప్పుడే! 2025లో మే 27 నుంచి జూన్ 3 వరకు పెట్టారు. మా నలుగురికీ మే 24కి టికెట్లు ఆరు నెలల ముందే కొనేశాం. మా వీధిలో మరో మూడు తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళలో రెండు కుటుంబాలదీ ఇదే కథ.

పోస్టల్ ఓటు ఉంది కదా అనుకున్నాను. ముందస్తు ఓటింగ్ రోజుల్లోనూ, పోలింగ్ రోజునా కౌంటీలో (మన జిల్లా లాంటిది) లేనివాళ్ళకి ఆ సౌకర్యం ఉంది. కాకపోతే బ్యాలెట్‌ని కౌంటీ బయట ఉన్న చిరునామాకే పంపుతారు, అంటే మాకు హన్మకొండకి రావాలి. అక్కడ పూర్తిచేసి మళ్ళీ పోస్టులో మా కాలిన్ కౌంటీకి గడువులోపు చేర్చాలి. రెండు వారాల్లో అది అయ్యే పని కాదని నాకు అనిపించింది. ప్రయత్నించి సాధించినవాళ్ళు ఉంటే రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

చివరికి నా టికెట్ ఒక్కటే మార్పించుకున్నాను. మా ఆవిడ, పిల్లలు 24న వెళ్ళిపోయారు. నేను మంగళవారం, ముందస్తు ఓటింగ్ మొదటి రోజు పొద్దున్నే వెళ్ళి ఓటేసి, బుధవారం విమానం ఎక్కాను. లోపల ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా ఆవిడ ఓటు మాత్రం పోయింది. తను 2024లోనే సిటిజన్ అయ్యింది, మే 3న వేసింది తన మొదటి స్థానిక ఓటు. ఎయిర్‌పోర్టులో "నాది కూడా మార్పించాల్సింది" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పిల్లల్ని చుట్టాల ఇంట్లో నాలుగు రోజులు ఉంచైనా చేసి ఉండాల్సింది.

ఇద్దరిలో ఎవరికి వేయాలో ఎలా తేల్చుకున్నానంటే, మా ఊళ్లో చాలా ఏళ్ళుగా నలుగుతున్నది ఎయిర్‌పోర్టు విషయం. ప్రయాణికుల విమానాల కోసం టెర్మినల్ కట్టడానికి బాండ్ల రూపంలో 20 కోట్ల డాలర్ల అప్పు తీసుకోవడానికి అనుమతి అడిగితే 2023 మేలో ఓటర్లు వద్దన్నారు. ఆ తర్వాత కూడా చర్చ ఆగలేదు. ఉద్యోగాలొస్తాయని కొందరు, చప్పుడు, ట్రాఫిక్, అప్పు అని కొందరు. దాంతోపాటు ఆస్తిపన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంటి మీద పన్ను బాగా తగులుతుంది, అందులో నగరం వాటా రేటు తేల్చేది కౌన్సిలే. బ్యాలెట్ మీద పార్టీ పేర్లు ఉండవు, గుర్తు చూసి నొక్కే వీలు లేదు. అందుకే ఈ రెండు విషయాల మీద ఇద్దరూ ఏమన్నారో కాగితం మీద రాసుకున్నాను. మధ్యలో దొరికిన మూడు వారాల పైచిలుకు వ్యవధి దానికి పనికొచ్చింది. మే నెలలో ఇంతమందిలో ఒకరిని ఎంచుకోవడానికి వారాంతం కూడా కేటాయించలేదు నేను.

ఫలితం నాకు హన్మకొండలో తెలిసింది. అక్కడ శనివారం రాత్రి ఏడుకి పోలింగ్ ముగిస్తే మనకి ఆదివారం పొద్దున్న ఐదున్నర. నాన్న అప్పటికే లేచి టీ తాగుతున్నారు, రిటైర్డ్ టీచర్. నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే సంగతి అడిగి, అంతా విని, "గంత తిప్పలెందుకురా? మేం ఒక్క కాగితం మీదనే ఒకటి, రెండు, మూడు అని ఏస్తం కద" అన్నారు.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గురించి ఆయన మాట. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేశారు. మొదటి ప్రాధాన్యత ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. కింద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ తీసేస్తూ, వాళ్ళ ఓటర్ల తర్వాతి ప్రాధాన్యతని మిగిలినవాళ్ళకి కలుపుతూ రోజుల తరబడి లెక్కించారు. కోదండరాం మూడో స్థానంలో ఆగిపోయారు, చివరికి తీన్మార్ మల్లన్న మీద పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచారు. మీకు ఇది గుర్తుంటే రన్‌ఆఫ్ అర్థమైపోయినట్టే. మనం ఒకే రోజు, ఒకే కాగితం మీద వేసే రెండో ప్రాధాన్యతని ఇక్కడ నెల తర్వాత ఇంకోసారి పిలిచి అడుగుతున్నారు.

నాన్న పద్ధతిలో జనానికి రెండో ప్రయాణం తప్పుతుంది. మా ఆవిడ ఓటు కూడా పోయేది కాదు. అయినా నాకు రన్‌ఆఫే నచ్చింది. చివర మిగిలేది ఎవరో తెలిశాక, ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం 71 పేర్ల కాగితంలో దొరకదు. నాన్న ఒప్పుకోలేదు. ఆరున్నరకల్లా కాక్స్ ముందున్నారని తెలిసింది, ఆయనే గెలిచారు. నేను ఎవరికి వేశానో నాన్నకి కూడా చెప్పలేదు.

మీరు చేయాల్సింది ఇది. మే మొదటి శనివారం స్థానిక ఎన్నిక ఉన్న ఏడాది టికెట్లు కొనేముందు జూన్ రన్‌ఆఫ్ ముందస్తు ఓటింగ్ తేదీలు కూడా లెక్కలో పెట్టుకోండి. మేలో ఓటేయనివాళ్ళు కూడా రన్‌ఆఫ్‌లో వేయొచ్చు, రన్‌ఆఫ్‌కి 30 రోజుల ముందుకల్లా ఓటరుగా నమోదై ఉంటే చాలు. ఫొటో గుర్తింపు కార్డు, అంటే డ్రైవింగ్ లైసెన్సో అమెరికా పాస్‌పోర్టో తీసుకెళ్ళండి.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. ఓటు సిటిజన్లకే. గ్రీన్‌కార్డు మీద ఉన్న అమ్మానాన్నల్ని, హెచ్-1బీ మీద ఉన్న తమ్ముడిని "రండి, మీరూ వేయండి" అని పొరపాటున కూడా తీసుకెళ్ళకండి. తెలియక నమోదు చేసుకున్నా కేసు అవుతుంది, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్ళొచ్చు. మీ ఊరి పేరు, మీ టికెట్ తేదీ కింద రాయండి. ఎప్పుడు వెళ్ళి ఓటేయొచ్చో కలిసి చూద్దాం.