రిటైరయ్యాక నాకు నేను ఇచ్చుకునే కానుక మిద్దెతోట అనుకుంటున్నా: తిరుపతి ఎండకి, బోరు నీళ్లకి నిలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: మే నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది, తిరుపతిలో సొంత ఇల్లు, 600 చదరపు అడుగుల మిద్దె ఖాళీగా ఉంది, బుల్లెట్టు బండికని దాచిన డబ్బుతో 60 గ్రో బ్యాగుల (మొక్కలు పెంచే సంచుల) తోట ఒకేసారి పెట్టించేద్దామా అని.

తోట సరే సార్, 60 సంచులే వద్దు. మొదటి ఏడాదికి 16 చాలు, అవీ ఆగస్టులో. జూన్, జూలైల్లో ఒక్క మొక్క కూడా కొనకండి. ఆ రెండు నెలలూ డబ్బు పోవాల్సింది స్లాబుకి, నీళ్లకి. ఈ లెక్క మొత్తంలో చవకైనవి విత్తనాలూ నారే. జనం మాత్రం ముందు నర్సరీకి పోయి ఆటో నిండా కుండీలు తెచ్చుకుంటారు. నవంబరులో కింద పడగ్గది సీలింగు చెమ్మ పట్టాక మేస్త్రీని పిలుస్తారు. అప్పుడు మట్టి సంచులు జరపడానికే కూలీలు కావాలి.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు ఊళ్లో ఎవరూ మర్చిపోయి ఉండరు. కాబట్టి ముందు స్లాబు పరీక్ష. నీళ్లు పోయే గొట్టాలని గుడ్డ, ఇసుక మూటలతో బిగించి మిద్దె మీద రెండు అంగుళాల నీళ్లు కట్టండి. 48 గంటలు ఉంచి కింద ప్రతి గదిలో సీలింగు, గోడ పైఅంచు చూడండి. మరక కనిపించిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పగుళ్ల మీద ఊరికే రంగు పూస్తే ఒక ఎండాకాలానికే ఊడొస్తుంది. పగులుని ‘వి’ ఆకారంలో కోసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల మీద మేస్త్రీలు అశ్రద్ధ చేస్తారు, కారేది ఎక్కువగా అక్కడే. ఆ మూలని గుండ్రంగా మెత్తి, ఫైబరు మెష్ పరిచి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగు రెండు కోట్లు. మొదటిది అడ్డంగా వేస్తే రెండోది నిలువుగా. ఆరాక మళ్లీ నీళ్లు కట్టి చూడందే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వకండి.

ఇక బరువు. మనుషులు తిరిగే ఇంటి మిద్దెకి ఐఎస్ 875 (భవనాల మీద బరువులకి మన దేశ ప్రమాణం) లెక్క చదరపు మీటరుకి 150 కిలోలు. 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న సంచి నిండి తడిస్తే 40 కిలోలు దాటుతుంది. అలాంటివి ఒకదానికొకటి ఆనించి పేర్చితే బరువు ఆ లెక్కకి దాదాపు రెట్టింపవుతుంది. అందుకే మధ్యలో గుంపుగా కాకుండా, కింద గోడలూ బీములూ ఉన్న వరుసలోనే, సంచికీ సంచికీ అడుగున్నర ఎడం ఇచ్చి పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకి ఒకసారి చూపించండి. సంచుల కింద కడప బండలు పరవమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అంగుళం మందం బండ చదరపు అడుగుకే ఆరు కిలోల పైన తూగుతుంది, ఆ బరువు దండగ. త్వరగా తుప్పు పట్టని జీఐ (జింకు పూత ఇనుప) పైపు స్టాండ్లు చాలు. నేల నుంచి కనీసం ఆరంగుళాలు లేవాలి, చీపురు కిందికి దూరాలి. సంచిని నేరుగా స్లాబు మీద పెడితే అడుగున ఎప్పుడూ తడే, వేళ్లు పగుళ్లు వెతుక్కుంటాయి.

మొదటి 16 సంచులు ఇలా: 15×15 అంగుళాలవి పది, ఆకుకూరలకి 24 వెడల్పు 9 ఎత్తువి ఆరు. పైన రెండేసి అంగుళాలు ఖాళీ వదిలితే అన్నిటికీ కలిపి సుమారు 680 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లు. అంటే 50 కిలోల గోతాలు లెక్కన ఎర్రమట్టి ఆరు, వర్మీ కంపోస్టు మూడు, 5 కిలోల కొబ్బరిపొట్టు ఇటుకలు మూడు. సంచికి 200 గ్రాముల వేపపిండి కలపండి. కొబ్బరిపొట్టుని నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయడం మూడుసార్లు చెయ్యాలి, లేకపోతే అందులో ఉప్పు నారుని మాడ్చేస్తుంది. మట్టిని కిందే కలిపి సంచులు మోయకండి, ఈ వయసులో నడుం పట్టిందంటే తోట సరదా అక్కడితో సరి. పదేసి కిలోల బకెట్లలో పైకి చేర్చి మిద్దె మీదే కలపండి.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటే రెండు నెలల్లో మట్టి మీద తెల్లటి పొర, ఆకు అంచులు గోధుమరంగు. దాన్ని తెగులనుకుని మందు కొడతారు. కావాల్సింది మందు కాదు, మట్టిని కడగడం: నెలకోసారి సంచికి దాని కొలతకి రెండింతలు మంచినీళ్లు నిదానంగా పోసి అడుగు నుంచి పోనివ్వండి. వాననీళ్లయితే ఇంకా మేలు. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు మాత్రం మొక్కలకి పొయ్యొద్దు. వృథా పోతున్నాయి కదా అని అందరూ చేసే తప్పు ఇది, అందులో ఉండేది బోరు నీళ్ల ఉప్పే, ఇంకా చిక్కబడి.

డ్రిప్పు కొనేటప్పుడు ఒక్క విషయం. పైట్యాంకు మిద్దె కన్నా అయిదారు అడుగులే ఎత్తు కాబట్టి ఒత్తిడి చాలా తక్కువ. పొలాలకి అమ్మే ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (ఒత్తిడి మారినా ఒకేలా నీళ్లు వదిలేవి) ఆ ఒత్తిడికి సరిగా పనిచెయ్యవు. మామూలు డ్రిప్పర్లు లేదా సన్నటి మైక్రోట్యూబులు తీసుకోండి, పైపు లైను మొదట్లో ఫిల్టరు తప్పనిసరి. టైమరు కూడా లోపల బాల్ వాల్వు ఉన్నదే అడిగి తీసుకోండి, సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో తెరుచుకునే) రకాల్లో చాలావాటికి ఆ ఒత్తిడి చాలదు. మేలో పెద్ద సంచికి రోజుకి రెండు మూడు లీటర్లు, రెండు విడతలుగా.

ఆగస్టులో ట్రేలలో వంగ, టమాట, మిరప విత్తండి, 25-30 రోజుల నారు సెప్టెంబరులో నాటండి. అక్టోబరు వానలకి ముందే కర్రలు కట్టాలి, టమాట కింది ఆకులు తీసెయ్యాలి, మట్టి చిమ్మితే అక్కడి నుంచే ఎండు మచ్చలు మొదలవుతాయి. అనపకాయ (సొరకాయ కాదు, పితికిపప్పు వచ్చే చిక్కుడు జాతి) కూడా ఆగస్టులోనే. మన నాటు అనప పగటి పొడుగు తగ్గితేనే పూస్తుంది. జనవరిలో విత్తి, తీగ మిద్దంతా పాకింది గానీ పూత రాలేదని తిట్టుకుంటే లాభం లేదు. ఆగస్టులో వేస్తే సంక్రాంతి వేళకి పితికిపప్పు మీ మిద్దె మీదే. రెండు పెద్ద సంచులు దానికే ఇచ్చెయ్యండి, నన్నడిగితే ఈ తోటలో అసలు బహుమతి అదే.

ఏప్రిల్, మేల్లో టమాట కోసం పాకులాడకండి. పగలు 40 దాటి రాత్రులు కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది, ఏ టానిక్కూ నిలపలేదు. అప్పుడు బెండ, గోంగూర, గోరుచిక్కుడు, బచ్చలి. మార్చి నుంచి 50 శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్టు ఎనిమిది అడుగుల ఎత్తున కట్టండి. మే గాలివానకి నెట్టు తెరచాపలా లాగుతుంది, పైట్యాంకు పైపులకి కట్టారో అవి విరుగుతాయి. ఇనుప స్తంభాలకి కట్టి, రెండు మూలల్లో మాత్రం గాలికి తెగిపోయే పురికొస వాడండి. మూల తెగితే మళ్లీ కట్టుకోవచ్చు.

పిండినల్లి, తెల్లదోమకి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు, సాయంత్రం ఎండ తగ్గాక, ఆకు అడుగువైపు పడేలా. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇల్లయితే కోతుల లెక్క వేరు: నైలాను వల చించేస్తాయి, ఇనుప వల పంజరం ఖర్చు ముందే కలుపుకోండి.

ఆఖరుగా, పిల్లల దగ్గరికి నెలల తరబడి వెళ్లే ఆలోచన ఉంటే అది ఏప్రిల్, మేల్లో పెట్టుకోండి. వెళ్లే ముందు కూర మొక్కలన్నీ పీకి, కరివేపాకులాంటి రెండు మూడింటిని డ్రిప్పు మీద వదలండి. మిగతా మట్టిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్కుతో గాలి దూరకుండా కప్పి ఆరు వారాలు ఎండకి వదిలెయ్యండి. నల్లది కప్పితే అంత వేడి పుట్టదు. వంగ, టమాట వేళ్లకి ముడులు తెచ్చే నులిపురుగులు ఆ వేడికి చాలావరకు పోతాయి, వచ్చాక కొత్త వేపపిండి కలిపితే ఆగస్టుకి మట్టి సిద్ధం.