కెరిస్ వయసు రాసే ముందు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

జావా దేశపు కెరిస్ అనే బాకు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ఇది 14వ శతాబ్దపు మజపహిత్ బాకు, ప్రంబనన్ ఉల్కాలోహం కలిపి చేసినది’ అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. జావాలోని ప్రంబనన్ దగ్గర దొరికిన ఆ ఉల్కాశిల అక్కడి సూరకర్త రాజప్రాసాదానికి చేరింది 18వ శతాబ్దంలో. జావాను ఏలిన మజపహిత్ రాజ్యం అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే అంతరించింది. ఆ రెండు మాటల్లో ఒకటి పోవలసిందే. ఏది పోవాలో అలుగును, అంటే బాకు ఇనుప రేకును, చూసి నువ్వే తేల్చాలి.

అలుగు ఏ కాలానిదో, ఏ సీమదో చెప్పే విద్యను జావాలో తంగుహ్ అంటారు. ఆ మాటకు అర్థమే అంచనా. ఇనుము రంగు, చేతికి తగిలే బరువు, పామొర్ అనే తెల్లని లోహపు పొరలు పరుచుకున్న తీరు, అడుగున విడిగా అమర్చే గొంజొ అనే ముక్క వంపు, ఇవన్నీ కలిపి చూసి, ఏ రాజ్యపు కమ్మరుల పనికి ఇది దగ్గరగా ఉందో నిపుణులు చెబుతారు. వారు చెప్పేది శైలి గురించి. ‘మజపహిత్ తంగుహ్’ అన్నంత మాత్రాన అలుగు ఆ రాజుల కాలంలోనే కొలిమి దాటిందని కాదు, ఎందుకంటే పేరున్న పాత కెరిస్‌లను చూసి తర్వాతి ఎంపులు, అంటే కెరిస్ కమ్మరులు, శ్రద్ధగా నకళ్లు చేశారు.

తుప్పును నమ్మి వయసు రాయకు. ఏటేటా జావా పంచాంగపు సురొ మాసంలో నిమ్మరసంతో తోమి, పాషాణం (ఆర్సెనిక్) పూసే ఇళ్లలో వాదర, అంటే అంచు, కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. పట్టించుకోని ఇంట్లో, తేమగాలిలో, నిన్నమొన్నటి అలుగు కూడా శతాబ్దాలు చూసినట్టు గుంటలు పడుతుంది. పిడి, ఒర ఎన్నిసార్లయినా మారతాయి. గొంజొ కూడా మారుతుంది.

అలుగు మీదే సంవత్సరం ఉన్నవి చాలా అరుదు. క్నౌడ్ కెరిస్ అని పేరుబడ్డ, రామాయణ దృశ్యాలున్న బాకు మీద శకం 1264 అని ఉంది. అది మన పంచాంగంలోని శాలివాహన శకమే కనుక 78 కలిపితే 1342 వస్తుంది. అటువంటి ఆధారం లేని చోట ‘మజపహిత్ శైలిగా అంచనా’ అని రాయి. ఆ అంచనా ఎవరిదో, వారు అలుగులో ఏమి చూశారో కూడా రాయి.

మరొక సవరణ. పామొర్‌ను మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కుతో పోల్చావు. ఆ ఉక్కు మీది అలల గీతలు మూసలో కరిగి గడ్డకట్టిన లోహంలోంచి వచ్చేవి; పామొర్ మాత్రం వేర్వేరు లోహాలను మడిచి, సాగగొట్టి, కమ్మరి పొరలుగా అతికినది. ఆ పేరా తీసెయ్యి.

బాకును మళ్లీ చూడనిస్తే, యజమాని చేతనే పిడి తీయించి, గొంజొ ఇనుమూ అలుగు ఇనుమూ ఒకే రంగులో ఉన్నాయో లేదో, వాటి నడుమ అతుకు ఎలా ఉందో నాకు రాయి.