రంగుచేపల హేచరీకి పెట్టుబడి అడుగుతున్నాడు, ఇవ్వాలా?

ప్రశ్న: మాది పెరంబూరు. మావాడు ప్లస్ టూ, బయాలజీ గ్రూపు. ఇంట్లో నాలుగు తొట్లలో గప్పీలు, మాలీలు పెంచుతున్నాడు. ఆదివారం వస్తే కొళత్తూరు చేపల అంగళ్ల దగ్గరే ఉంటాడు. ప్లస్ టూ కాగానే చదువు ఆపేసి రంగుచేపలు, రొయ్యల హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం) పెడతానంటూ రెండు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా? దీనికి చదువేమైనా ఉందా?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, డబ్బు ఇప్పుడే ఇవ్వకండి, అలాగని వద్దనీ అనకండి. గప్పీ, మాలీ ఇంచుమించు నెలకోసారి ఈదే పిల్లల్నే కంటాయి. వాటిని పెంచినంత మాత్రాన హేచరీ పని వచ్చినట్టు కాదు. అసలు పని గుడ్లు పెట్టే చేపలతో తెలుస్తుంది. ఈ ఏడాదిలో ఒక ఏంజెల్ చేపల జతతో రెండు విడతలు గుడ్లు పెట్టించి, ఒక్కో విడతలో కనీసం వంద పిల్లల్ని నెల వయసు దాకా తెమ్మనండి. తెచ్చాడంటే అప్పుడు మాట్లాడొచ్చు.

గుడ్లు పెట్టి చూపించిన జతనే కొనమనండి. ఏంజెల్‌లో ఆడామగా పైకి తెలియవు. రెండు ఆడచేపలు కూడా జతకట్టి గుడ్లు పెట్టేస్తాయి. రెండో రోజుకల్లా గుడ్లన్నీ తెల్లబడుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆ తర్వాత నీటిని. బోరు నీటిలో గట్టితనం ఎక్కువైతే గుడ్లు సరిగా పొదగవు, ఆర్ఓ నీరు కలిపి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 200 లోపుకు దించాలి. మెట్రో వాటర్ అయితే ముందు క్లోరిన్ పోగొట్టాలి.

తొట్టిలో నిలువుగా ఒక పలక, లేదంటే పీవీసీ పైపు ముక్క పెడితే దానిమీదే గుడ్లు పెడతాయి. తల్లిదండ్రులే తినేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ పలకను అదే నీళ్లున్న 20 లీటర్ల తొట్టిలోకి మార్చి, పక్కనే సన్నగా గాలి బుడగలు వదిలి, బూజు పట్టకుండా లేత నీలం వచ్చేంత మిథిలీన్ బ్లూ మందు వేయాలి. 27–28 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. మరో నాలుగైదు రోజులు పిల్లలు తోకలాడిస్తూ అతుక్కునే ఉంటాయి. ఈ రోజుల్లో మేత వేయకూడదు. తొందరపడి వేస్తే నీళ్లు కుళ్లడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈత మొదలైన రోజు మాత్రం ఆర్టీమియా (చేపపిల్లలకు మేతగా వేసే బుల్లి ఉప్పునీటి జీవి) చేతిలో సిద్ధంగా ఉండాలి. దాని గుడ్లను సీసాలో పొదిగించాలి: లీటరు నీటికి 25–30 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, 28 డిగ్రీలు, పైన బల్బు, కింది నుంచి బలంగా గాలి. ఇంచుమించు ఒక్క రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కింద చేరతాయి. కిందివి మాత్రమే లాగి, మంచినీటితో కడిగి వేయాలి. పెంకులు తింటే చేపపిల్లల పేగులు మూసుకుపోతాయి. పొదిగిన ఆర్టీమియాను సాయంత్రానికని దాచిపెడితే పచ్చసొన కరిగి సారం తగ్గుతుంది. అంటే రోజూ ఒక సీసా తయారవుతూనే ఉండాలి, సంక్రాంతి రోజైనా సరే. చాలామంది చేపల దగ్గర కాదు, ఈ సీసా దగ్గరే చేతులెత్తేస్తారు.

రెండో వారంలో ఉన్నట్టుండి పిల్లలు చనిపోతే కారణం తరచుగా అమ్మోనియానే. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. నీటి పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. చెన్నై ఎండలకు ఈ రెండూ కలిసొస్తాయి. రోజూ అడుగున చేరిన మురికి తీసి, పావు వంతు నీరు మార్చాలి. స్పాంజి ఫిల్టర్‌ను కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు అమ్మోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తొట్టి నీళ్లలోనే పిండాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

ఇంకోటి ఉంది. వెన్ను వంకరైన పిల్లల్ని ఏరి తీసేయాలి. చేపలంటే ప్రాణమిచ్చే పిల్లలకు ఇదే కష్టం.

రొయ్యలంటే ముందు చెర్రీ రొయ్య చాలు. తల్లి గుడ్లను సుమారు నాలుగు వారాలు పొట్ట కింద మోసి, చిన్న రొయ్యల్నే వదులుతుంది. రాగి ఉన్న మందు చుక్క పడినా తొట్టి మొత్తం పోతుంది. చేపలకు వాడిన వలకు ఆ మందు అంటి ఉండొచ్చు, దాన్ని ఇందులో ముంచనివ్వకండి. 30 డిగ్రీలు దాటితే గుడ్లు రాల్చేస్తుంది కాబట్టి మే నెలలో నీటి మీదికి ఫ్యాను పెట్టాలి. అమానో రొయ్య జోలికి ఇప్పుడే వద్దు. పెరిగేది మంచినీటిలోనే అయినా దాని పిల్లలకు ఉప్పునీరు కావాలి. మన నీలకంఠ రొయ్యదీ అదే తీరు, పిల్లదశకు 12 పీపీటీ (లీటరుకు ఇంచుమించు 12 గ్రాముల ఉప్పు) దరిదాపుల్లో ఉప్పదనం ఉండాలి.

చదువు ఆపనివ్వకండి. చేపల పెంపకం మీద నాలుగేళ్ల డిగ్రీ బీఎఫ్ఎస్సీ ఉంది. తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయం కాలేజీ పొన్నేరిలోనే ఉంది, ప్లస్ టూ మార్కులతో సీటు ఇస్తారు, నీట్ అక్కర్లేదు. నెల్లూరు దగ్గర ముత్తుకూరులోనూ కాలేజీ ఉంది గానీ మీవాడు చెన్నైలో చదివాడు కాబట్టి స్థానికత నిబంధన ముందే చూసుకోండి. ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) కోటా సీట్లకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయించండి. డిగ్రీ ఉంటే హేచరీ నడవకపోయినా మేత కంపెనీలు, నీటి పరీక్ష ల్యాబులు, మత్స్యశాఖ ఉద్యోగాల దారి ఉంటుంది.

పెట్టుబడి సంగతికొస్తే, 2020లో మొదలైన పీఎం మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్ వ్యయం 3 లక్షలుగా లెక్కకట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సాయం. పథకం ఇప్పుడెలా ఉందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, దరఖాస్తు మీ పేరున పెట్టే వీలుందేమో కనుక్కోండి.