ల్యాబ్రడార్ పిల్లకి ఈఎంఐ పెట్టొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. జీతం చేతికి 62 వేలు. అద్దె 16 వేలు, పర్సనల్ లోన్ ఈఎంఐ 7 వేలు. బ్యాంకులో 80 వేలున్నాయి. పిల్లలు ల్యాబ్రడార్ కావాలని ఏడాదిగా పోరుతున్నారు. ఒక బ్రీడర్ 45 వేలు చెప్పి, నాలుగు నెలలు ఆగమన్నారు. ఆన్‌లైన్‌లో ఒకతను 12 వేలకే రేపు తెచ్చిస్తానంటున్నాడు. 45 వేలు క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. ఆ 80 వేలు కూడా ముట్టుకోకండి. మీ ఇంటికి అది రెండు నెలల ఖర్చుకే సరిపోదు.

ముందు కుక్క నెల ఖర్చు చూద్దాం. ఎదిగిన ల్యాబ్ రోజుకి సుమారు 350 గ్రాముల డ్రై ఫుడ్ తింటుంది. కిలో 300 అనుకున్నా నెలకి మూడు వేలు దాటుతుంది. టీకాలు, నులిపురుగుల మందు, పిడుదుల మందు, డాక్టర్ ఫీజు కలిపితే నెలకి మొత్తం 4,500 వేసుకోండి. పన్నెండేళ్లు బతికితే ఇప్పటి ధరల్లోనే ఆరున్నర లక్షలకి దగ్గర. 12 వేల పిల్లయినా ఇంతే తింటుంది. చవక పిల్లని కొంటే మిగులుతాయనుకునే 33 వేలు ఏడు నెలల ఖర్చు, అంతే.

పోనీ ఆ 33 వేలన్నా మిగులుతాయా? ల్యాబ్‌లకి తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బు, హిప్ డిస్‌ప్లేజియా, వంశపారంపర్యంగా వస్తుంది. నా క్లయింట్ ఒకాయన 34 కిలోల కుక్కని దుప్పట్లో వేసుకుని, కొడుకు ఓ కొస పట్టుకుంటే, రోజూ మూడో అంతస్తు నుంచి కిందికి దింపేవారు. చవగ్గా వచ్చిందని కొన్న పిల్లే. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి, చాలా పాలసీల్లో వంశపారంపర్య జబ్బులు మినహాయింపుల కింద ఉంటాయి.

అందుకే 45 వేలు దేనికో ఆ బ్రీడర్‌నే అడగండి. కెనెల్ క్లబ్ (జాతి కుక్కల్ని నమోదు చేసే సంస్థ) కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. తల్లీతండ్రుల తుంటి, మోచేతి ఎక్స్‌రేలు చూపించమనండి. తల్లి దగ్గర కూర్చుని పిల్లల్ని చూడండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఇవి చూపించడానికి నసిగితే 45 వేలు కూడా దండగే. ఇక తల్లిని చూపించకుండా ముందు అడ్వాన్స్ ఫోన్‌పే చేయమనే వాళ్లతో మాటే వద్దు.

డబ్బు సంగతికొస్తే, వచ్చే నెల నుంచి కుక్క ఇంట్లో ఉన్నట్టే 4,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పది నెలలకి 45 వేలు. బ్రీడర్ చెప్పిన నాలుగు నెలలు మీకు చాలవు, తర్వాతి ఈతలో పిల్లనివ్వమనండి. మంచి బ్రీడర్లకి వెయిటింగ్ లిస్ట్ మామూలే, ఏమీ అనుకోరు. ఆ పది నెలల్లో రెండు మూడుసార్లు వాయిదా తప్పితే మాత్రం కుక్కని పోషించే స్తోమత ఇంకా రాలేదని అర్థం. పిల్లలకి కోపం వస్తుంది, రానివ్వండి.

అన్నట్టు, ఇంటి ఓనర్‌ని అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. బ్రీడర్‌కి ఒక్క రూపాయి ఇచ్చే ముందు ఆయన ఒప్పుకోలు వాట్సాప్‌లోనైనా రాయించి పెట్టుకోండి.