ఎన్‌ఎస్‌ఎస్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరింది. రక్తదాన శిబిరాలు, ఆదివారాలు పక్క ఊళ్లో పిల్లలకు పాఠాలు, ఇవి చాలవన్నట్టు ఫెస్ట్ కమిటీ. మొదటి ఏడాది 8.3 ఉన్న జీపీఏ పోయిన సెమిస్టర్‌లో 7.2కి పడిపోయింది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ తప్పింది. వచ్చే నెల ఏడు రోజుల క్యాంపుకి వెళ్తానంటోంది. వాళ్ల నాన్నేమో అన్నీ మాన్పించెయ్యమంటున్నారు. ఏం చేయాలో చెప్పండి. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు తప్పిన సబ్జెక్టు సంగతి చూద్దాం. ప్లేస్‌మెంట్లకు వచ్చే కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ల పేర్లు మొదట్లోనే పక్కన పెట్టేస్తాయి. అక్కడ ఆగిపోతే ఎంత సేవ చేసినా చెప్పుకునే అవకాశమే రాదు. కాబట్టి మీవారి కంగారులో న్యాయం ఉంది. సప్లిమెంటరీకి ఫీజు కట్టి ఈసారే గట్టెక్కాలి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. ఈ రెండు విషయాల్లో బేరాల్లేవని ఇద్దరూ కూర్చోబెట్టి చెప్పండి.

అలాగని ఎన్‌ఎస్‌ఎస్ మాన్పించమని మాత్రం నేను చెప్పను. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి చేయాల్సింది 120 గంటల పని. అంటే సగటున వారానికి రెండున్నర గంటలు కూడా కాదు. దాని వల్లే సబ్జెక్టు తప్పిందంటే నమ్మడం కష్టం. ఒక వారం పాటు ఏ గంట ఎటు పోయిందో అమ్మాయినే కాగితం మీద రాయమనండి. నా అనుమానం ఫెస్ట్ కమిటీ మీద. స్పాన్సర్ల కోసం షాపుల చుట్టూ తిరగడం, ఫ్లెక్సీలు, అర్ధరాత్రి దాకా వాట్సాప్ గ్రూపుల్లో చర్చలు. ఫెస్ట్ చెడ్డదని కాదు గానీ, జూనియర్లకు అక్కడ దక్కేది ఎక్కువగా పరుగులే. ఏదో ఒకటి వదలాలంటే అదే వదలమనండి.

ఎన్‌ఎస్‌ఎస్ నిన్నమొన్న పుట్టింది కాదు. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు పూర్తిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒక్కటైనా చేస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజనీరింగ్ కాలేజీలను పర్యవేక్షించే ఏఐసీటీఈ కూడా నాలుగేళ్ల బీటెక్‌లో ఇలాంటి పనులకు 100 యాక్టివిటీ పాయింట్లు పెట్టింది. మీ యూనివర్సిటీ దాన్ని ఎలా అమలు చేస్తోందో కాలేజీలో కనుక్కోండి.

కానీ సర్టిఫికెట్ కోసమే అయితే నేను ఇంత పట్టుబట్టను. 'రక్తదాన శిబిరం నిర్వహించాం' అని రెజ్యూమెలో చాలామంది రాస్తారు. 'అందులో నువ్వేం చేశావు?' అని అడిగితే నీళ్లు నములుతారు. ఫొటోలో నిలబడి వచ్చేసిన వాళ్లకు చెప్పడానికేం ఉంటుంది? నిజంగా పనిచేసిన పిల్లకు చెప్పడానికి చాలా ఉంటుంది. రక్తం ఇవ్వాలంటే పద్ధెనిమిదేళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. ఉత్సాహంగా వరుసలో నిలబడ్డ ఆడపిల్లలు వేలు గుచ్చి చూశాక చిన్నబోయిన ముఖాలతో వెనక్కి వచ్చేస్తుంటారు. హాస్టల్లో టిఫిన్ మానేసి వచ్చినవాళ్లకు కళ్లు తిరుగుతాయి. బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపే వాలంటీరు ఇదంతా గమనించి, తర్వాతి శిబిరానికి ముందు రోజే క్లాసులకు వెళ్లి తిని రమ్మని చెప్పి, హిమోగ్లోబిన్ తక్కువున్న అమ్మాయిలను తోడుండి పీహెచ్‌సీకి తీసుకెళ్లిందనుకోండి. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి ఐదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడుతుంది, ఎందుకంటే అది తను చేసిన పని. మీ అమ్మాయి ఈ రెండు రకాల్లో ఏ రకమో తెలియాలంటే, పోయిన శిబిరంలో ఏం జరిగిందో చెప్పమని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి.

ఆదివారం పాఠాలు ఇంకా విలువైనవి. వారం వారం అదే పిల్లల దగ్గరికి వెళ్తుంటే, ఐదో తరగతి పిల్లాడికి భాగహారం ఎక్కడ అడ్డం పడుతోందో పట్టుకోవడం అలవాటవుతుంది. తెలిసిన విషయాన్ని తెలియని వాళ్లకు విడమరిచి చెప్పడం రాకే మన ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది వెనకబడుతున్నారు. దాన్ని మాత్రం ఆపకండి.

ఒక జాగ్రత్త చెప్పండి. చేసిన పని ఎప్పటికప్పుడు వర్క్ డైరీలో రాసి, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ చూసుకునే లెక్చరర్, అంటే ప్రోగ్రామ్ ఆఫీసర్ చేత సంతకం పెట్టించుకోవాలి. ఫైనలియర్‌లో అడుగుదాంలే అనుకుంటే, అప్పటికి ఆ సారు ఆ బాధ్యతలో ఉంటారో లేదో!

రేపు మనసు పూర్తిగా ఇటే లాగిందనుకోండి, దానికీ దారులున్నాయి. డిగ్రీ అయ్యాక పదమూడు నెలలు పల్లెల్లో పనిచేసే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉంది. ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

ఇక క్యాంపు. ఆడపిల్లను ఏడు రాత్రులు బయట ఉంచాలంటే టెన్షన్ సహజమే. ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మీరే ఫోన్ చేసి, అమ్మాయిలను స్కూల్లో ఉంచుతారా, కమ్యూనిటీ హాల్లోనా, రాత్రిపూట లేడీ లెక్చరర్ అక్కడే ఉంటారా, బాత్‌రూమ్‌ల సంగతేమిటి అని అడగండి. సరైన జవాబులు వస్తే పంపండి. వాళ్ల నాన్నగారిని ఒక పూట వెళ్లి చూసి రమ్మనండి, పిల్లలు ఇంటింటి సర్వేకి తిరిగే సమయమైతే మరీ మంచిది. సప్లీ పరీక్ష సరిగ్గా ఆ వారంలోనే పడితే మాత్రం ఈసారికి ఆపేయండి. తను చేరింది ఈ ఏడాదే కాబట్టి క్యాంపు వచ్చే ఏడాది చేసినా సర్టిఫికెట్‌కి సరిపోతుంది.