పాత పాస్‌వర్డ్ ప్రశ్న దగ్గర తడబడితే కోర్సు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. ఇంటర్వ్యూలో "యూజర్ మళ్లీ పాత పాస్‌వర్డే పెట్టకుండా ఎలా ఆపుతావు?" అని అడిగారట. "పాతవన్నీ టేబుల్‌లో దాచి పోల్చి చూస్తాను" అందట. సెలెక్ట్ కాలేదు. వెబ్ డెవలప్‌మెంట్ మాన్పించి ఎథికల్ హ్యాకింగ్‌లో చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఒక్క ప్రశ్నకే కోర్సు మార్చేస్తే, ఇంటర్వ్యూకో కోర్సు మార్చాల్సి వస్తుందండీ. అమ్మాయి దారి సరైనదే. కాకపోతే దాచాల్సింది పాస్‌వర్డ్‌ను కాదు, దాని హ్యాష్‌ను, అంటే తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చలేని గజిబిజి రూపాన్ని. ఇక్కడ చాలామంది రెండోసారి కూడా జారిపడతారు. కొత్తదానికి హ్యాష్ తీసి, పాత హ్యాష్‌తో సమానమా అని చూస్తారు. హ్యాష్ తీసే బీక్రిప్ట్ అనే పద్ధతి ప్రతిసారీ కొత్త సాల్ట్ (ఇష్టమొచ్చినట్టు ఎంచిన కొన్ని అక్షరాలు) కలుపుతుంది కాబట్టి అదే పాస్‌వర్డ్‌కు కూడా వేరే హ్యాష్ వస్తుంది. ఆ పోలిక ఎప్పటికీ కుదరదు. యూజర్ టైప్ చేసినదాన్ని ఒక్కో పాత హ్యాష్ మీద, దాని పాత సాల్ట్‌తోనే సరిచూసే వెరిఫై ఫంక్షన్‌తో పరీక్షించాలి. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' లింకులో ఈ చెక్ పెట్టడం మరిచిపోయే ఉద్యోగులూ ఉన్నారు. ఎన్ని పాతవి చూడాలంటే, కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ చివరి 4 అంటుంది, విండోస్‌లో 24 దాకా పెట్టుకోవచ్చు. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

ఇక ఎథికల్ హ్యాకింగ్. నాకు దీని మీద అనుమానాలున్నాయి. సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన పిల్లల్ని హ్యాష్‌కీ ఎన్‌క్రిప్షన్‌కీ తేడా ఏంటని అడిగితే నేల చూపులు చూస్తారు. టూల్ రన్ చేస్తారు, రిపోర్ట్ తెస్తారు, అందులో ఏముందో చెప్పలేరు. ఒక కోర్సు నోట్సులో ఇంకా '90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్పించాలి' అనే ఉంది. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఎందుకంటే జనం చివర 1 తీసి 2 పెడతారు. దాచిన పాత హ్యాష్‌లతో సరిచూసినా అది దొరకదు కూడా. లాగిన్ పేజీ సొంతంగా కట్టినవాళ్లకు ఇలాంటివి తమంతట తామే తెలుస్తాయి.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. మీ టెన్షన్ అంతా తను వెనకబడిపోతుందేమోనని. వెనకబడలేదండీ. తొలి ఇంటర్వ్యూలో తడబడి, తర్వాత చక్కగా స్థిరపడినవాళ్లను ఎంతోమందిని చూశాను. ఆ లాగిన్ పేజీని తననే కట్టమనండి. కట్టాక కూడా సెక్యూరిటీ మీదే మనసుంటే, ఈసారి ఉత్తరం తననే రాయమనండి.